గన్నేరు వయసు

"ఆ మాట ఇంకోసారి అనకండి అత్తయ్యా."

"ఏ మాట? గన్నేరు ఐదు నెలల బిడ్డదన్న మాటా?"

అననే అంది. వద్దన్న మాటని వద్దన్న క్షణంలోనే మళ్ళీ అనడం అత్తగారికి తప్ప ఇంకొకరికి చేతకాదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ముగ్గురే. అందులో ఆవిడకి మాత్రం తెలియదు.

కోడలు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. కాస్త చప్పుడైనా బాగుండేదనిపించింది అత్తగారికి.

"నేనేమన్నానే తల్లీ? మీ ఇద్దరికీ తగువేమీ లేదని తెలిసి సంతోషం పట్టలేక అన్నాను. ఇన్నాళ్ళూ మీరు ఎడమొహం పెడమొహంగా ఉంటే నా ప్రాణం ఎలా కొట్టుకుందో నీకేం తెలుసు?"

బాత్రూము తలుపు తెరుచుకుంది. సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో కొడుకు బయటికొచ్చాడు.

"ఏమంది?" అన్నాడు భార్యతో.

ఆమె అత్తగారి వంక చూసింది.

"ఏమన్నావమ్మా?"

"నువ్వు చెప్పిందే అన్నాను నాయనా. నా సొంతం ఒక్క ముక్క కలపలేదు."

అతని చేతిలో గడ్డం కత్తి గాలిలో ఆగిపోయింది. నురగ లేని వైపు ముఖం కూడా తెల్లబడింది.

కోడలు చూసింది ఆ ముఖాన్నే. అత్తగారి మాటని నమ్మకుండా ఉండడానికి అంతవరకూ ఆమెకి వీలుంది. ఆవిడ చామంతిని బంతంటుంది, బంతిని చామంతంటుంది, పాలవాడి పేరు వారానికొకటి చెబుతుంది. ఆ ముఖం చూశాక ఇక ఏ వీలూ మిగల్లేదు. గన్నేరు నిజంగానే ఐదు నెలల బిడ్డది.

"నువ్వు చెప్పావా?" అంది.

అత్తగారి ముందు మొగుణ్ణి 'మీరు' అనడం, గది తలుపు వేసుకున్నాక 'నువ్వు' అనడం ఆమె పెట్టుకున్న పద్ధతి. ఆ సంగతి అత్తగారికి ఎప్పుడో తెలుసు, తెలియనట్టే ఉంటోంది. ఈ పూట తలుపులన్నీ బార్లా తెరిచి ఉండగానే 'నువ్వు' వచ్చేసింది. వ్యవహారం చిన్నది కాదని ఆవిడకి అప్పుడర్థమైంది.

ఒక పూలమొక్క మీద ఇంత రాద్ధాంతమా అనిపిస్తే అది సహజమే. కానీ ఈ గన్నేరు మొక్క కాదు. మొగుడూ పెళ్ళామూ పనిచేసే ల్యాబులో ఒక స్లైడుకి పెట్టిన పేరు. పుట్టిన రోజుల్లోనో, ఏడాది రెండేళ్ళకో ఏ జబ్బు చేసో పోయిన పసిపిల్లల మెదడులోంచి, తల్లిదండ్రులు మనసు రాయి చేసుకుని సరేనంటే, పల్చని పొరలు తీసి అక్కడ గాజు మీద భద్రం చేస్తారు. ఇంకా ముదరని నాడీకణాలకి మాత్రమే బాగా పట్టే గోధుమరంగు ఒకటి వాటికి వేస్తారు. ఆ లేత కణాలు మెదడు లోపలి నీటి గదుల గోడల దగ్గర పుడతాయి. పుట్టినచోట ఉండిపోవు. ఒకదాన్ని ఆనుకుని ఒకటి బారుగా పాకుతూ నుదుటి వెనకనున్న ముందుమెదడు దాకా పోయి, అక్కడ తమ చోటు చూసుకుని స్థిరపడతాయి.

ఎన్నాళ్ళు పాకుతాయన్నదే గొడవ. బిడ్డ భూమ్మీద పడేసరికే ఆ ప్రయాణం అయిపోవస్తుందని ల్యాబు నడిపే పెద్దాయన వాదం. తర్వాత కనిపించేవన్నీ దారిలో మిగిలిపోయినవేనట, కొద్ది వారాల్లో అవీ ఉండవట. కాదు, పుట్టాక కూడా నెలల తరబడి గుంపులు గుంపులుగా పోతూనే ఉంటాయని కోడలి వాదం. బిడ్డ అమ్మ ముఖం గుర్తుపట్టి నవ్వుతున్నప్పుడు, బోర్లా పడుతున్నప్పుడు కూడా, లోపల కొత్త కణాలు ఇంకా వచ్చి చేరుతూనే ఉన్నాయంటుంది ఆమె.

"ఈ స్లైడుల పెట్టెతో తేలాలమ్మాయ్," అన్నాడు పెద్దాయన. "తేలకపోతే ఈ పని ఇంతటితో మూసేద్దాం. నీకు వేరే పని చూస్తాను."

పెట్టెలోని స్లైడులన్నీ ఒకసారి లెక్కపెట్టడం అయింది. ప్రతిదాన్నీ ఒకే మనిషి రెండుసార్లు లెక్కపెట్టాలి. రెండోసారి సగంలో ఉంది. గన్నేరు వంతు ఇంకా రాలేదు.

లెక్కపెట్టే మనిషికి ఏ స్లైడు ఏ వయసు బిడ్డదో తెలియకూడదు. తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుంది. అంకెలు వేస్తే వరస తెలుస్తుంది, వరస తెలిస్తే ఊహ మొదలవుతుంది. అందుకని పూలపేర్లు. ఆ పిల్లల్ని అంకెలతో పిలవడం పెద్దాయనకి ఇష్టం లేకపోవడం కూడా ఒక కారణం. ఏ పువ్వు వెనక ఏ వయసుందో తెలిసి, ఆ వివరాలున్న సొరుగు తాళంచెవి దగ్గర పెట్టుకునే మనిషి ఒక్కడుంటాడు. ఆ ఒక్కణ్ణే ఈవిడ పెళ్ళి చేసుకుని కూర్చుంది.

"ఇంట్లో మీకు ఇబ్బంది కదూ?" అని పెద్దాయన ముందే అడిగాడు. "ఏం లేదు," అన్నారిద్దరూ ఒక్కసారే. కొత్తగా పెళ్ళయినవాళ్ళు దేనికైనా అలాగే అంటారు.

ఇంట్లో ల్యాబు మాట ఎత్తకూడదనుకున్నారు. తీరా చూస్తే ఇద్దరికీ ఇంకో మాట లేదు. భోజనం దగ్గర ఉప్పు అందుకోమనడం, కరెంటు బిల్లు కట్టావా అనడం, అంతే. కళ్ళకి ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళుందామని వచ్చిన అత్తగారికి, ఆ కళ్ళతో మొట్టమొదట కనిపించింది ఆ మౌనమే.

నిన్న సాయంత్రం బాల్కనీలో ఆవిడ, "ఈ గన్నేరు పని అయిపోయేట్టుంది, ఎవరైనా చూస్తున్నారా దీన్ని?" అంది కుండీ వంక చూస్తూ. కొడుకూ కోడలూ ఇద్దరూ కొయ్యబారిపోయారు. కోడలు చెయ్యి తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఇంకేముంది, ఆవిడ కొడుకుని గోడకి ఆనించి నిలబెట్టింది. ఏమిటీ గన్నేరు, ఎవరీ గన్నేరు, నీకేమైనా వేరే వ్యవహారముందా అని. అతను నవ్వలేక, ఏడవలేక, అమ్మా మా పనిలో ఇలా ఒక నియమం ఉంది, అందుకే మాట్లాడుకోం, అని మొదలుపెట్టాడు. ఆవిడకి బుర్రకెక్కలేదు. ఒక ఉదాహరణ చెప్పాడు. ఇప్పుడు చూడు, గన్నేరు ఐదు నెలల బిడ్డదనుకో, అది నీ కోడలికి తెలియకూడదు, అని.

ఉదాహరణకి ఏ వయసైనా చెప్పొచ్చు. నోటికొచ్చిన అబద్ధం చెప్పొచ్చు. అబద్ధపు ఉదాహరణ చెప్పడం కూడా రాని మనిషి అతను. ఆమె అతన్ని చేసుకున్నది కూడా అందుకే.

ఇప్పుడు ఇద్దరూ గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. అత్తగారు ఇవతలే నిలబడింది. వినడానికి కాదు, అవసరమైతే లోపలికి పోవడానికి అని తనకి తాను చెప్పుకుంది.

"కావాలని చెప్పలేదు," అన్నాడతను. ముఖం మీద నురగ ఎండిపోతోంది.

"తెలుసు."

"తెలిస్తే అలా చూడకు."

"ఎలా చూడను?"

అతను మంచం అంచున కూర్చున్నాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడింది. కింద వీధిలో ఎవరో దుకాణం తలుపు పైకెత్తుతున్నారు.

"ఒక్క మాట చెప్తాను, కోప్పడకు," అన్నాడు. "మొదటిసారి లెక్క నీకేమీ తెలియనప్పుడే అయిపోయింది. రెండోసారీ నీకు అదే అంకె వస్తుంది. వచ్చినదే రాస్తావు. ఇందులో దొంగతనమేముంది? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నువ్వు మోసం చేసే మనిషివి కాదు."

"చెయ్యి చేస్తుంది," అందామె. "విను. కొన్ని కణాలకి రంగు సరిగ్గా పట్టదు. లేత గోధుమరంగులో ఉంటాయి. అది ప్రయాణంలో ఉన్న కణమా, పక్కనున్న పాత కణం మీద రంగు ఒలికిందా తెలియదు. మొదటిసారి అలాంటివి కనబడ్డప్పుడు వదిలేశాను. ఇప్పుడు గన్నేరు పెట్టి చూస్తే, అదే కణం దగ్గర నా వేలు లెక్కమీట నొక్కుతుంది. నేను నొక్కమనక్కర్లేదు. అదే నొక్కుతుంది. లేకపోతే మోసం చేస్తున్నానేమోనని భయపడి, నొక్కాల్సినవి కూడా వదిలేస్తాను. ఎలా అయినా అది లెక్క కాదు."

అతనికి ఈ సంగతి ఆమె కంటే బాగా తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది అతనే. అందుకే తల దించుకున్నాడు.

"పెద్దాయనకి చెబితే ముందు పోయేది నేను," అన్నాడు. "నోరు జారినవాడి చేతికి మళ్ళీ ఎవరూ తాళం ఇవ్వరు. అది సరే. నీ సంగతి చూడు. నీ రెండేళ్ళ పని. గన్నేరు తీసేస్తే ఇక పెట్టెలో ఏముంది? ఆ వయసుది ఇంకొకటి..."

"ఆగు."

ఆగాడు. ఆ వయసుది ఇంకొకటి లేదనబోయాడు. అదీ చెప్పకూడనిదే. ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఒళ్ళు మండి నవ్వొచ్చింది ఆమెకి, నవ్వలేదు.

ఆమెకి సంతోషంగా ఉంది. అసలు బాధ అదే. మొదటిసారి గన్నేరు పెట్టి చూసినప్పుడు ఆమె కళ్ళు చెదిరాయి. నెత్తురు గొట్టాల పక్కనే బారులు బారులుగా కణాలు, అన్నిటి ముక్కులూ ఒకే వైపు. ఇది పుట్టి వారమైనా కాని బిడ్డదయి ఉంటుందని, ఆశ పెట్టుకోకూడదని, తనని తాను కసురుకుని పక్కన పెట్టింది. ఐదు నెలలు! తను చెప్పింది నిజం. ఎవరి దగ్గరా అనలేని నిజం, ఎక్కడా రాయలేని నిజం. గెలిచి చేతులు కట్టుకుని కూర్చోవడమంటే ఇదే.

"ఆ బిడ్డ అమ్మానాన్నా ఎవరో నాకు తెలియదు," అంది. "నేనెవరో వాళ్ళకీ తెలియదు. ఎవరో ఒకరు సరిగ్గా చూస్తారు, చూసింది చూసినట్టు చెబుతారు అని ఇచ్చారు. అంతకంటే వాళ్ళకి మనం ఇచ్చిన మాట ఇంకేముంది?"

తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

"పోనీ నేనొచ్చి మీ పెద్దాయనకి చెప్పనా? తప్పంతా నాదేనని చెబుతాను. నాకు భయమేమీ లేదు."

"వద్దు," అన్నారిద్దరూ ఒక్కసారే. ఆ రోజు వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉన్నది అక్కడే.

ఆమె చీర సర్దుకుని బ్యాగు తగిలించుకుంది. "నేను వెళ్తున్నాను. నీ పేరు చెప్పను. మా అత్తయ్య నోట విన్నానంటాను. అది అబద్ధం కాదు."

అతను లేవలేదు. సగం గడ్డంతో అలాగే కూర్చున్నాడు. రమ్మని ఆమె అడగలేదు, వస్తానని అతననలేదు.

ల్యాబు వరండాలో ఎప్పుడూ ఒక వాసన ఉంటుంది, పొరల్ని కడిగే మందులది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆమెకి ఆ వాసన తగిలితే ఇంటికొచ్చినట్టుంటుంది. ఈవేళ మాత్రం అడుగులు బరువుగా పడ్డాయి.

రంగుల గదిలో పిన్ని గాజు గిన్నెలు కడుగుతోంది. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. పొరలకి రంగు వేయడంలో తల నెరిసింది కనుక రంగుల పిన్ని అయింది.

"ముఖం అలా ఉందేమే?"

"ఏం లేదు పిన్నీ. పెద్దాయన ఉన్నారా?"

"ఉన్నారు. మంచి హుషారుగా కూడా ఉన్నారు. పో, పాడు చెయ్యి."

పెద్దాయన గదిలో రెండు కుర్చీలు, ఒక మైక్రోస్కోపు, కిటికీ మీద దుమ్ము. మనిషి పొట్టి. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది, అందుకే అందరికీ భయం.

"సార్, ఒక స్లైడు వయసు నాకు తెలిసిపోయింది."

ఆయన కళ్ళజోడు తీశాడు. జేబు గుడ్డతో తుడిచాడు. ఒక అద్దం, తర్వాత రెండోది.

"ఏది?"

"చెప్పను సార్."

"చెప్పవా?"

"చెబితే మీ కళ్ళు కూడా పాడవుతాయి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమెని కాస్త శ్రద్ధగా చూశాడు.

"నీకు కలిసొచ్చేదా, నాకు కలిసొచ్చేదా? అదైనా చెప్పు."

"అదీ చెప్పను."

"నీ ముఖం చూస్తే తెలుస్తుందేమో."

"అందుకే గోడ వంక చూస్తున్నాను సార్."

నిజంగానే ఆమె గోడ వంకే చూస్తోంది. అక్కడ ఎప్పుడో రంగు ఒలికిన మరక ఉంది. దాన్ని పట్టుకుని నిలబడింది.

వరండాలో ఎవరిదో బండి చక్రాల చప్పుడు దూరమైంది.

"నువ్వింక లెక్కపెట్టడానికి వీల్లేదు," అన్నాడు మెల్లగా. మరీ మెల్లగా. "తెలుసుగా?"

"తెలుసు."

"అంటే నీ మొదటి లెక్క కూడా పోయినట్టే, రెండూ ఒక్క కన్నే చూడాలి కదా. మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి. ఎవరు చేస్తారు? పిన్నికి వయసులన్నీ తెలుసు, పొరలు ముందు ఆవిడ చేతికే వస్తాయి. కుర్రాళ్ళకి ఇంకా కణానికీ మరకకీ తేడా తెలియదు. ఎవరున్నారు?"

"మీరున్నారు."

ఆయన నవ్వాడు. నవ్వులో సంతోషమేమీ లేదు. "నేనా? అక్కడ ఏమీ లేదని పదేళ్ళుగా చెబుతున్నవాణ్ణి. నీకు ప్రత్యర్థిని."

"అందుకే అడుగుతున్నాను సార్. ఉన్నాయని నేనంటే, కావాలి కాబట్టి కనబడ్డాయంటారు. మీరు చూసి ఉన్నాయంటే కాదనేవాళ్ళుండరు."

"లేవంటే?"

ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ ఆమె ఈ ప్రశ్న కోసమే చూస్తోంది.

"లేవంటే లేవు. పెట్టె మూసేద్దాం. నాకు వేరే పని ఇవ్వండి."

అలా అనడానికి గుండె ధైర్యం కావాలి. ఆమెకి ఉన్న ధైర్యమంతా ఆ బారులు తీరిన కణాల దగ్గర నుంచి వచ్చిందే. తను చూసింది. చూసినవాళ్ళెవరైనా చూస్తారు. ఈయన మొండివాడే కానీ గుడ్డివాడు కాదు.

"సరే," అన్నాడాయన. "ఇంతకీ నీకు చెప్పిందెవరు?"

"మా అత్తయ్య."

"ఆవిడకెలా తెలుసు?"

తలుపు దగ్గర నుంచి జవాబొచ్చింది.

"నేను చెప్పాను సార్."

అతను నిలబడి ఉన్నాడు. గడ్డం పూర్తిగా గీసుకున్నాడు, చెవి కింద తెగింది. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. ఆమె తిరిగి చూడబోయి, మళ్ళీ గోడ మీది మరకకే కళ్ళు అప్పగించింది.

"ఎవరికి చెప్పావు?"

"మా అమ్మకి. మేం పోట్లాడుకోవడం లేదని నమ్మించడానికి."

పెద్దాయన పెదవి ఒక పక్కకి కదిలింది. బలవంతాన దాన్ని యథాస్థానానికి తెచ్చుకున్నాడు. "తాళంచెవి ఇక్కడ పెట్టు. నీ సంగతి లెక్కయ్యాక చూద్దాం."

అతను తాళంచెవి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన రంగుల పిన్నిని పిలిచాడు. "పిన్నీ, పూలపేర్లన్నీ పీకెయ్. నీ ఇష్టమొచ్చిన కొత్త పేర్లు పెట్టి, వరస కలిపేసి తెచ్చివ్వు. ఏది ఏదో నాకు చెప్పకు, వీళ్ళిద్దరికీ చెప్పకు. తాళం నీ దగ్గరుంచుకో. ఇంట్లో అత్తగారున్నారా నీకు?"

"ఎప్పుడో పోయింది," అంది పిన్ని.

"మంచిది," అని నాలిక కరుచుకున్నాడు పెద్దాయన.

పిన్ని కొత్త చీటీలు అంటించి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ తర్వాత పెద్దాయన గది తలుపు మూసుకుంది. మొగుడూ పెళ్ళామూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలారు. కాసేపటికి ఆ మనిషి రానే వచ్చింది.

అత్తగారు రెండు డబ్బాల్లో అన్నం పట్టుకుని, దారి అడుగుతూ అడుగుతూ వచ్చి, ఆ ఖాళీలో చతికిలబడింది. "నేనొచ్చింది చెప్పడానికి కాదు. అన్నం తెచ్చాను, అంతే," అంది ఎవరూ అడక్కుండానే. "చెప్పాల్సి వస్తే మాత్రం చెబుతాను."

"చెప్పేశాం అత్తయ్యా."

"ఎవరు? నువ్వా?"

"ఇద్దరం."

ఆవిడ కొడుకు వంక చూసింది. చెవి కింద తెగినచోట తన కొంగు అద్దింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం వాళ్ళిద్దరూ చూడడం అదే మొదటిసారి.

లోపల నుంచి టిక్కుమని వినిపించింది. చేతిలో ఇమిడే లెక్కమీట అది, ఒక్కో కణానికి ఒక్కసారి నొక్కాలి. టిక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్.

"ఏమిటది?" అంది అత్తగారు గుసగుసగా.

"లెక్కపెడుతున్నారు."

"ఎక్కువ టిక్కులొస్తే మనకి మంచిదా?"

"ఏ స్లైడో తెలియదు అత్తయ్యా. రోజుల పిల్లలదైతే ఎక్కువ రావడంలో వింతలేదు. రెండేళ్ళదైతే అసలు రాకపోయినా బెంగలేదు. మధ్యలోదైతేనే..." అంటూ ఆగిపోయింది. అత్తగారికి ఇంకేమీ చెప్పకూడదని గుర్తొచ్చింది.

అతను తల్లి వెనక నుంచి భార్య వైపు వంగాడు. "నువ్వింక లెక్కపెట్టవు కదా. నియమం తీరిపోయింది. ఇప్పుడు నీకు అన్నీ చెప్పొచ్చు నేను. చామంతి, బంతి, మందారం, అన్నీ. ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుంది. రాత్రిళ్ళు నువ్వలా పైకప్పు చూస్తూ పడుకుంటే, చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చేది."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వినాలనే ఉంది. అతని నోట ఆ పేర్లు ఒక్కొక్కటే వింటూ, ఆ మందారం చూశావా, ఆ బంతి చూశావా అంటూ, పెళ్ళికి ముందు ఇదే బెంచీ మీద మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోవాలని ఉంది.

"ఇప్పుడొద్దు," అంది. "ఆయన ఏ క్షణాన్నయినా బయటికొస్తారు. వస్తే ముందు నా ముఖమే చూస్తారు."

"ఆయన లెక్కయ్యాక?"

"అయ్యాక మొత్తం చెప్పాలి. ఒక్కటీ వదలకూడదు."

అతను తల్లి వీపు వెనక నుంచి చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది. అత్తగారికి తెలిసింది, కదలకుండా కూర్చుంది.

లోపల టిక్కులు మొదలయ్యాయి. ఈసారి విడివిడిగా లేవు. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునేంత సందు కూడా లేకుండా వచ్చాయి. అతని వేళ్ళు ఆమె వేళ్ళ మీద బిగుసుకున్నాయి. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళజోడు నుదుటి మీదికెక్కి ఉంది. లెక్కమీట ఇంకా చేతిలోనే ఉంది. అత్తగారిని చూసినట్టు లేడు, అతన్నీ చూసినట్టు లేడు.

"అమ్మాయ్," అన్నాడు, "ఇవి ఎక్కడికి పోతున్నాయి?"

మిగిలిపోయినవి అని తప్ప వాటిని ఇంకో మాట అనని మనిషి. ఆయన ముందున్నది గన్నేరేనా? నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డదా? అయితే ఆ ప్రశ్నకి విలువేమీ లేదు. పిన్నికి తప్ప ఆ భవనంలో ఎవరికీ తెలియదు. ఎక్కడికి పోతున్నాయో మాత్రం ఆమెకి తెలుసు. ఎంత దూరం పోతాయో, ఏ గొట్టం పక్కన మలుపు తిరుగుతాయో, చేరాక ఏమవుతాయో, రెండేళ్ళుగా చెప్పాలని కూడబెట్టుకున్నదంతా నాలిక మీదే ఉంది. అడుగుతున్నది సాక్షాత్తూ పెద్దాయన.

ఆమె లేచి నిలబడింది. ముఖంలో ఏమీ కనబడనీయకుండా నిలబడింది.

"చెప్పకూడదు సార్. మీరు లెక్కపెడుతున్నారు."

ఆయనతో అలా అన్నవాళ్ళు ఆ ల్యాబులో ఇంతవరకూ లేరు. ఆయన ఆమెనీ, చేతిలోని మీటనీ మార్చి మార్చి చూశాడు. అత్తగారు రెండు చేతులతోనూ తన నోరు తనే మూసుకుంది.

"అవునవును," అన్నాడాయన. కళ్ళజోడు కిందికి దించుకుని లోపలికి పోయి, తలుపు వేసుకున్నాడు.

ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. కుర్చీ ముందుకి జరిగింది. మీట మళ్ళీ మొదలైంది. ఈసారి చాలాసేపటి వరకూ ఆగలేదు.